రాని ఆటకు ఫైలు కట్టడం ఎట్లా

హనుమకొండ కిషన్‌పురలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, దినవారాల కార్డులు, జిరాక్స్‌లు. పగలంతా ఇదే పని. రాత్రి షట్టర్ సగం దించాక ఒక గంట నా సొంతం. ఆ గంటలో నేను విడుదల కాని జపాన్ వీడియో గేమ్‌ల మీద ఫైళ్లు కడతాను, అంటే వాటి గురించి దొరికిన సమాచారమంతా ఒక చోట చేరుస్తాను. ముఖ్యంగా రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఊరూరూ తిరుగుతూ, మనుషులతో మాట్లాడుతూ, కథలో మనమే ఒక పాత్రగా ఆడే పెద్ద ఆటలు.

మొన్న దసరా సెలవుల్లో మా అన్న కొడుకు షాపుకొచ్చి ర్యాక్ మీది ఫైలు తీశాడు. "గిదేంది అత్తా, ఆటనే రాలేదంటున్నవ్, మరి గింత లావు ఫైలు ఎట్లయింది?" అన్నాడు. ఆ సాయంత్రం వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఒక ఫోన్, ఒక నోట్‌బుక్ ఉంటే మీరూ చేయొచ్చు.

ముందు ఆటను ఎంచుకోవాలి. ఎవరో విన్నారట, ఎవరికో తెలిసినవాళ్లు చూశారట అనే ఆటతో మొదలుపెట్టొద్దు. కంపెనీ తానే నలుగురిలో ప్రకటించి, తర్వాత మానుకున్న ఆటను తీసుకోండి. ప్రకటన ఉందంటే కాగితం ఉన్నట్టు. కాగితం ఉందంటే ఎక్కడో ఒక చోట దొరుకుతుంది.

నా మొదటి ఫైలు 'సేకెన్ దెన్‌సెత్సు: ది ఎమర్జెన్స్ ఆఫ్ ఎక్స్‌కాలిబర్' మీద. సేకెన్ దెన్‌సెత్సు అంటే పవిత్ర ఖడ్గ గాథ. జపాన్‌లో స్క్వేర్ అనే కంపెనీ 1987లో దీన్ని తెస్తామని చెప్పింది. నడిపించే బాధ్యత కజుహికో ఆవోకిది. నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే టీవీ గేమ్ పెట్టెకు కింద తగిలించే డిస్క్ సిస్టమ్ కోసం అనుకున్న ఆట ఇది. మొత్తం ఐదు డిస్కులని ప్రకటనలో వేశారు. ముందస్తు ఆర్డర్లు కూడా తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆర్డర్ ఇచ్చినవాళ్లందరికీ ఒక ఉత్తరం వెళ్లింది. ఆట ఆపేశాం, మీ డబ్బు తిరిగి ఇస్తున్నాం అని. అదే ఉత్తరంలో, మా దగ్గర ఇలాంటిదే ఇంకో ఆట వస్తోంది, దాన్ని ఆర్డర్ చేసే ఆలోచన చేయండి అని కూడా రాశారు. ఆ ఇంకో ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. 1987 డిసెంబరు 18న వచ్చింది. ఇవాళ ఆ పేరు తెలియని గేమర్ లేడు.

ఈ ఉత్తరం సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో నేనూ అన్నా టీవీ గేమ్ క్యాసెట్ కోసం డబ్బాలో చిల్లర వేసుకున్న రోజులు గుర్తొచ్చాయి. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే ఏడెనిమిది ఆటలు మళ్లీ మళ్లీ. అయినా అది చేతికొచ్చిన రోజు మాకు పండుగ. మేము ఆడింది జపాన్ ఫ్యామికామ్‌కు నకలని చాలా ఏళ్లకు తెలిసింది. డబ్బు కట్టి, రోజులు లెక్కపెట్టి, చివరికి ఉత్తరం అందుకున్న జపాన్ పిల్లవాడు నాకు పరాయివాడు అనిపించలేదు.

ఆటను ఎంచుకున్నాక చేయాల్సింది జపాన్ మాటలు నాలుగు నేర్చుకోవడం. ఇంగ్లిష్‌లో వెతికితే ఒకరు రాసిందే పదిమంది తిరగరాసినవి దొరుకుతాయి. అసలు సమాచారం జపాన్ భాషలోనే ఉంటుంది. 'హత్సుబాయి' అంటే అమ్మకానికి విడుదల. 'చూషి' అంటే ఆపేయడం. రెండూ కలిపి 'హత్సుబాయి చూషి' అంటే విడుదల రద్దు. 'కైహత్సు చూషి' అంటే తయారీయే ఆపేశారని. 'మిహత్సుబాయి' అంటే విడుదల కానిది. 'హత్సుబాయి ఎన్‌కి' అంటే వాయిదా. 'మితెయి' అంటే ఇంకా ఖాయం కాలేదని. ట్రాన్స్‌లేట్ యాప్‌లో తెలుగు మాట కొట్టి జపాన్ లిపిలోకి మార్చుకోండి, ఆ అక్షరాలను కాపీ చేసి ఆట పేరు పక్కన పెట్టి వెతకండి. వాయిదాకు, రద్దుకు తేడా మర్చిపోవద్దు. చాలా ఆటలు ముందు వాయిదా, తర్వాత 'మితెయి', ఆ తర్వాత మౌనం. ఈ మెట్లన్నీ తేదీలతో సహా రాసుకుంటేనే ఆట ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది.

తేదీల దగ్గర ఒక చిక్కు ఉంది. పాత జపాన్ కాగితాల మీద సంవత్సరం చాలాసార్లు చక్రవర్తి శకంలో ఉంటుంది. షోవా 62 అని కనిపిస్తే 1925 కలపండి, 1987 వస్తుంది. హేసెయి అయితే 1988 కలపాలి, హేసెయి 12 అంటే 2000. మాకు పెండ్లి పత్రికల పనిలో ఇది అలవాటే. పత్రిక మీద పేరు చూసి ఏ ఏడాదో చెప్పేస్తాం. ఆ అక్టోబరు ఉత్తరం వెళ్లింది మన లెక్కన ప్రభవ నామ సంవత్సరంలో, అరవై ఏళ్ల చక్రం మళ్లీ మొదలైన ఏడాదిలో. ఇంకో మాట. పత్రిక కవర్ మీది తేదీ, అది దుకాణంలోకి వచ్చిన తేదీ ఒకటి కావు. కవర్ తేదీ సాధారణంగా ముందుకు ఉంటుంది. అందుకే నోట్‌బుక్‌లో 'ఫలానా సంచికలో ఉంది' అని రాయండి, 'ఫలానా రోజున ప్రకటించారు' అని రాయొద్దు.

ఇక స్కాన్‌ల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది నా వృత్తి.

జపాన్ పత్రికల్లో అక్షరాలు నిలువుగా ఉంటే వాటికి బైండింగ్ కుడివైపు ఉంటుంది. పేజీలు మనకు వెనక నుంచి ముందుకు తిప్పినట్టు ఉంటాయి. ఎవరో స్కాన్ చేసి పెట్టిన ఫోల్డర్‌లో పేజీలు తారుమారుగా కనిపిస్తే కంగారు పడొద్దు, ముందు పేజీ నంబర్లు చూసి వరుస పెట్టుకోండి. నిలువు వరుసలు కుడి నుంచి ఎడమకు చదవాలి. ఫోన్‌లో అక్షరాలు చదివి అనువదించే గూగుల్ లెన్స్ తెరిచి పేజీ మొత్తం ఒకేసారి పట్టిస్తే వరుసలు కలిసిపోయి అర్థం లేని వాక్యాలు వస్తాయి. ఒక్కో పెట్టెను, ఒక్కో వరుసను విడిగా కత్తిరించి చూపించండి. ఓపిక కావాలి. ఒక పేజీకి నాకు రెండు రాత్రులు పట్టిన సందర్భాలున్నాయి.

స్కాన్ అసలుదా కాదా తెలుసుకోవాలంటే బాగా పెద్దది చేసి చూడండి. అచ్చయిన రంగు బొమ్మలో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పూలరేకుల్లా పేరుకుని కనిపిస్తాయి. ఆఫ్‌సెట్ ప్రెస్ దగ్గర పనిచేసినవాళ్లకు ఇది కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. చుక్కలే లేకుండా నున్నగా ఉంటే, స్కాన్ చేసినవాళ్లు శుభ్రం చేసి అయినా ఉండాలి, లేదా ఎవరో కంప్యూటర్లో తయారు చేసి అయినా ఉండాలి. కాబట్టి శుభ్రం చేయకముందు తీసిన స్కాన్ అడగండి. పలుచటి కాగితమైతే వెనక పేజీ అక్షరాలు తిరగబడి లేతగా కనిపిస్తాయి, అవి ఉంటే నాకు ధైర్యం. నడిమి మడత నీడ, పిన్ను పక్కన తుప్పు మరక, ఇవన్నీ సాక్ష్యాలే. దయచేసి వాటిని ఎడిట్ చేసి తుడిచేయొద్దు.

ఆ కాలం పత్రికల్లో ఆట బొమ్మలను టీవీ తెరకు కెమెరా పెట్టి తీసేవాళ్లు. అందుకే అంచులు కొంచెం వంగి ఉంటాయి, అడ్డ గీతలు కనిపిస్తాయి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఫ్యామికామ్ తెర మీద వెనక దృశ్యంలో ప్రతి 16 బై 16 పిక్సెళ్ల (తెర చుక్కల) గడికి ఒక రంగుల గుంపే దక్కుతుంది, అందులో మూడు రంగులు, వాటికి తోడు తెరంతటికీ ఉమ్మడిగా ఒక రంగు. తెర మొత్తం మీద ఒకేసారి 25 రంగులకు మించవు. ఎవరైనా ఇది 1987 నాటి ఫ్యామికామ్ బొమ్మ అని చూపించి, ఒకే గడిలో ఏడెనిమిది రంగులు కలగలిసి ఉంటే అది ఆ పెట్టె మీద నడిచినది కాదు. అచ్చు చుక్కల వల్ల రంగులు కలిసినట్టు కనిపించొచ్చు కనుక, గడి అంచుల దగ్గర చూసి లెక్కపెట్టండి. మా వాడు ఇది నేర్చుకుని గ్రాఫ్ కాగితం వేసుకుని కూర్చున్నాడు, రాత్రి పదిన్నరయినా లేవలేదు.

లెక్కలు కూడా వేయండి. డిస్క్ సిస్టమ్‌లో ఒక డిస్కుకు రెండు వైపులా కలిపి ఇంచుమించు 112 కేబీ పడుతుంది. ఐదు డిస్కులంటే 560 కేబీ. ఫైనల్ ఫాంటసీ క్యాసెట్ 256 కేబీ. అంటే ప్రకటనలో చెప్పిన ఆట దానికి రెండింతలకు పైమాటే. ఈ రోజు ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటోకు అంతకన్నా ఎక్కువ చోటు పడుతుంది, కానీ ఆ రోజుకు అది కొండ. ఈ లెక్క వేశాకే వాళ్లు ఎంత పెద్ద మాట ఇచ్చారో నాకు ఒంటికి పట్టింది. ఆ డిస్కుల గురించి ఇంకో సంగతి. దుకాణంలో పెట్టిన మెషీన్‌లో 500 యెన్‌లు కట్టి పాత ఆట చెరిపేసి కొత్త ఆట రాయించుకునే వీలు అప్పట్లో ఉండేది. పిల్లలకు అది మంచిదే అయింది. కానీ ఫైళ్లు కట్టేవాళ్లకు మాత్రం ఒక డిస్కు మీద ఇవాళ ఉన్నది మొదట ఉన్నదే అనుకోవడానికి వీల్లేదు.

నోట్‌బుక్‌లో నేను మూడు భాగాలు పెడతాను. చెప్పింది, చూపించింది, తర్వాత తెలిసింది. కంపెనీ ప్రకటనలో రాసినదంతా మొదటి దాంట్లోకి. ఐదు డిస్కులు అందులోకే వెళ్తాయి, ఎందుకంటే అది వాళ్లు ఇచ్చిన మాట, మన చేతిలో ఉన్న డిస్కులు కావు. పత్రికలో, ప్రదర్శనలో కంటికి కనిపించింది రెండో దాంట్లోకి. ఏళ్ల తర్వాత అక్కడ పనిచేసినవాళ్లు చెప్పింది మూడో దాంట్లోకి. స్క్వేర్‌లో పనిచేసిన కవోరు మోరియామా తర్వాతి రోజుల్లో ఈ ఆట గురించి మాట్లాడారు. తొలి ప్రణాళిక దశ దాటకముందే యాజమాన్యం దీన్ని మానుకుందని ఆమె మాట. ఈ ఒక్క వాక్యం మిగతా రెండు భాగాలనూ ఎట్లా చదవాలో మార్చేస్తుంది.

ఈ వాక్యాన్ని ముందే రాసుకుని ఉంటే నాకు 2,300 రూపాయలు మిగిలేవి. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకతను ఎక్స్‌కాలిబర్ ఆట మొదటి డిస్కు నా దగ్గర ఉందన్నాడు. ఆశ ఆగలేదు. పార్శిల్ వచ్చింది, పసుపు రంగు డిస్కు, దాని మీద లేబుల్. లేబుల్‌ను భూతద్దంతో చూస్తే అచ్చు చుక్కలు లేవు. తడి వేలితో అంచు రుద్దితే సిరా వేలికి అంటింది. ఇంక్‌జెట్ ప్రింటు, మా షాపులో రోజూ తీసేదే. ప్రణాళిక దగ్గరే ఆగిన ఆటకు డిస్కు ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు తిరిగి రాలేదు. అందుకే చెప్తున్నాను, మూడు భాగాలూ నిండకముందు జేబులో చేయి పెట్టొద్దు.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. స్క్వేర్ 1991లో అదే సేకెన్ దెన్‌సెత్సు పేరును గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో మెషీన్ ఆటకు పెట్టింది. అది కోయిచి ఇషీ నడిపించిన వేరే ఆట, పాత ప్రణాళికతో సంబంధం లేదు. అమెరికాలో దాని పేరు ఫైనల్ ఫాంటసీ అడ్వెంచర్, యూరప్‌లో మిస్టిక్ క్వెస్ట్. ఇంటి పేరు ఒకటైనంత మాత్రాన ఒకే ఇంటివాళ్లు కారు కదా. ప్రతి ఎంట్రీ పక్కన ఆట పేరుతో పాటు మెషీన్ పేరు, సంవత్సరం రాయండి. ఈ మూడూ లేని సమాచారాన్ని నేను ఫైలులోకి రానివ్వను.

అన్ని రద్దులూ ఒకే రకం కాదని తెలియడానికి రెండో ఫైలుగా 'మదర్ 3' తీసుకుంటే మంచిది. షిగెసాతో ఇతోయి ఆట. నింటెండో 64 అనే టీవీ గేమ్ పెట్టె కోసం చేస్తూ, దానికి తగిలించే 64డీడీ అనే డిస్క్ డ్రైవ్ మీద ఆశ పెట్టుకున్నారు. 1999 ఆగస్టులో స్పేస్ వరల్డ్ ప్రదర్శనకు వచ్చినవాళ్లు దీన్ని ఆడి చూశారు కూడా. 64డీడీ జపాన్‌లో ఆ డిసెంబరులో వచ్చి, నిలబడలేకపోయింది. 2000 ఆగస్టులో మదర్ 3 రద్దయింది. అభిమానులది దింపుడు కళ్లం ఆశే అనుకున్నారందరూ. కానీ ఆరేళ్లకు, 2006 ఏప్రిల్ 20న, అదే కథ గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద చదునైన బొమ్మలతో కొత్తగా వచ్చింది. మూడు కొలతల బొమ్మలతో చేసిన 64 రూపం మాత్రం రానేలేదు. దీన్ని ఫైలులో ఎట్లా రాయాలి? 'రద్దయి మళ్లీ వచ్చింది' అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. కథ వచ్చింది, ఆ ఆట రాలేదు. రెండింటికీ రెండు పేజీలు.

మదర్ 3తో ఇంకో మేలు ఉంది. రద్దు చేసినప్పుడు ఇతోయి, నింటెండోలో పనిచేసే సతోరు ఇవాతా, షిగేరు మియమోతో ముగ్గురూ కూర్చుని ఎందుకు ఆపాల్సి వచ్చిందో మాట్లాడుకున్నారు. ఆ సంభాషణను ఇతోయి తన సొంత సైట్‌లో పెట్టారు. ఓడిపోయిన పని గురించి చేసినవాళ్లే అంత నిజాయితీగా మాట్లాడుకోవడం నేను ఎక్కువగా చూడలేదు. ఇట్లాంటి పేజీ దొరికితే ముందు వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో ఆ చిరునామా పెట్టి భద్రం చేయండి, తర్వాత చదవండి. చదివాక చేద్దాం అనుకుంటే మర్నాటికి పేజీ ఉండకపోవచ్చు. పాత సైట్ మూతపడి ఉంటే అదే చోట పాత తేదీలు వెతకండి, చాలాసార్లు బొమ్మలు పోయినా అక్షరాలు మిగిలి ఉంటాయి.

కొన్ని ఆటలు పూర్తయి కూడా రావు. మొదటి 'మదర్' జపాన్‌లో 1989లో వచ్చింది. దాని ఇంగ్లిష్ రూపం 1990కే సిద్ధమైంది, కానీ అమ్మకానికి రాలేదు. 1998లో ఒక నమూనా క్యాసెట్ బయటపడింది. అసలుదేనా అని చాలామంది అనుమానించారు. 2015 జూన్‌లో నింటెండోనే 'ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్' పేరుతో దాన్ని తన వీ యూ అనే గేమ్ మెషీన్ మీద విడుదల చేసింది. పాతికేళ్లు పట్టింది. అనుమానించినవాళ్లను నేను తప్పుపట్టను, తొందరపడి నమ్మినవాళ్ల కన్నా వాళ్లే ఎక్కువ పని చేశారు.

ఫైలులో ఖాళీలు ఉంటాయి. కథానాయకుడి పేరు దొరకదు, పటం సగమే ఉంటుంది. ఆ ఖాళీని మన ఊహతో నింపాలని చేయి పీకుతుంది. నింపొద్దు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పినప్పుడు ఒక్కో రాయికి నంబరు వేసి పక్కన పెట్టారు. అటు వెళ్లిన ప్రతిసారీ ఆ రాళ్లను చూసేదాన్ని. 2024 మార్చిలో మండపం మళ్లీ తెరుచుకుంది. ఆ నంబర్లు లేకపోతే ఏ రాయి ఎక్కడిదో ఎవరికి తెలిసేది? నా ఎంట్రీలకూ అట్లాగే వరుస నంబర్లు వేస్తాను. నంబరు, తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు. ఒక ఎంట్రీ తప్పని తేలితే చింపేయను, మీద ఒక గీత కొట్టి, ఎందుకు తప్పో పక్కన రాస్తాను.

దాచడం గురించి చివరగా. ఫైలు పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత ఆట పేరు, చివర ఎంట్రీ నంబరు పెట్టండి, కంప్యూటరే వరుస పెట్టేస్తుంది. స్కాన్ అసలు కాపీని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్, మీరు కత్తిరించినవి ఇంకో ఫోల్డర్. రెండు పెన్‌డ్రైవ్‌లు, అవి కూడా వేర్వేరు ఇళ్లలో. నా రెండోది కాజీపేటలో అన్న దగ్గర ఉంటుంది. ముఖ్యమైన పేజీలు లేజర్ ప్రింట్ తీసి పెట్టుకోండి, ఇంక్‌జెట్ వద్దు, వానాకాలం తేమకు అలికిపోతుంది.

సెలవులు అయిపోయి వెళ్లేటప్పుడు మా వాడు రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి అడిగి తీసుకున్నాడు. వాడి ఆట 'స్కేల్‌బౌండ్', ప్లాటినమ్ గేమ్స్ వాళ్లది, 2014 జూన్‌లో ప్రకటించి 2017 జనవరిలో ఆపేశారు. మూడు భాగాలకూ మూడు రంగుల స్టిక్కర్లు అంటించుకున్నాడు. బస్సెక్కాక ఫోన్ చేశాడు: "అత్తా, ట్రైలర్ల చూసిందాన్ని చెప్పింది కింద రాయాల్నా, చూపించింది కిందనా?"

"ఆడి చూపిస్తే చూపించింది. గొంతుతోటి వస్తదని అంటే చెప్పింది. ఏ నిమిషంల ఉన్నదో గది గూడ రాయి బిడ్డా" అన్నాను.